జీడి పెట్టిన చెయ్యి

చిరంజీవి చెల్లెలు కాంతానికి పెంటపాడు నుంచి అక్క దీవించి రాయిస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. ఆకివీడులో నువ్వూ, నీ కొడుకు మణిదీపూ బాగున్నారని తలుస్తాను. నీకు ఫోనులో సరిగా వినపడదు, నేను అరిస్తే వీధంతా వింటుంది. అందుకని మనవరాలు హర్షిణిని కూర్చోబెట్టి చెబుతున్నాను.

నాట్లు అయ్యాయా అని నీ ఉత్తరంలో అడిగావు. అయ్యాయి. కాలవ నీళ్లు ఆలస్యం చేస్తే లాకుల దగ్గరికెళ్లి నాలుగు మాటలు అడిగొచ్చాను. హర్షిణి తాడేపల్లిగూడెంలో రైలెక్కి వట్లూరు కాలేజీకి వెళ్లొస్తోంది.

ఆ తర్వాత మాట దగ్గర ఆగిపోయాను. "మడమ వెనక మళ్లీ వాచిందక్కా, ఆదివారం వస్తాను, నల్లజీడి పెడుదువుగాని" అన్నావు. మణిదీపుకి తెలియకూడదని ఎదురింటి రమ్య చేత రాయించావు. రావద్దు కాంతం. కోపం కాదు.

పోయినేడు జీడిగింజని పిన్నీసుకి గుచ్చి, దీపం మీద కాల్చి, కారిన రసం నీ మడమకి మూడు చుక్కలు పెట్టాను. అమ్మ దగ్గర నేర్చుకున్న పని, ఊళ్లో ఎంతమందికో పెట్టాను. నీకది బొబ్బలెక్కి పుండైంది. షుగరు మూలాన మూడు నెలలు మానలేదు. కొడుకు అడిగితే ముల్లు గుచ్చుకుందన్నావు. వాడు నమ్మక "పెద్దమ్మా, మీరేమన్నా పెట్టారా?" అని నన్నడిగాడు. మీ నడివీధిలో వాణ్ని కడిగేశాను. "మీ అమ్మకి నువ్వు కొనిచ్చిన బూట్లు చేసిన పని రా అది, నా చేతికి వంక పెడతావా" అన్నాను.

పోయిన నెల నా కుడి మడమ వెనకా అలాగే ఉబ్బింది. పొద్దున్నే అడుగేస్తే ప్రాణం లాగేసేది. జీడి తీశాను, దీపం వెలిగించాను. చెయ్యి కదల్లేదు. నీ కేక గుర్తొచ్చింది. దీపం ఆర్పేసి, హర్షిణికి తప్ప ఇంకెవరికీ చెప్పకుండా ఏలూరు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. నీకు పెట్టినదాన్ని నాకు పెట్టుకోలేకపోయాను.

"మామ్మగారూ, మడమ ఎముకకీ, పిక్క నుంచి దిగే లావు నరానికీ మధ్య చిన్న తిత్తి ఉంటుందండి. చెప్పు వెనక పట్టీ రాసుకుని అది వాచింది" అన్నాడాయన. నాటుమందేమన్నా పెట్టారా అన్నాడు. లేదన్నాను. "మంచిపని చేశారండి. జీడి పెట్టించుకుని పుళ్లతో వస్తారు కొందరు. చీము లోపలి తిత్తి దాకా పోతే కష్టం."

"పెట్టేవాళ్లకి బుద్ధి ఉండదండి" అన్నాను నేను. హర్షిణి తల దించుకుంది. ఇప్పుడు రాస్తూ కూడా దించుకునే ఉంది.

వెనక పట్టీ లేని చెప్పులు వేసుకోమన్నాడు. మడమ కింద మెత్త పెట్టుకోమన్నాడు. ఐసు గుడ్డలో చుట్టి పావుగంట ఆన్చమన్నాడు, పిసకొద్దన్నాడు. మాత్రలిచ్చాడు. నొప్పి తగ్గాక పిక్క సాగదీయడం నేర్పుతాడట. మూడు వారాలకి సగం తగ్గింది. నీకు షుగరుంది గనక నావి చూసి నువ్వు చెయ్యకు. ముందు డాక్టరు చూడాలి. ఆ బూట్లు తీసి పక్కన పెట్టు. ఎర్రబడి వేడిగా ఉంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

కవరు మీద నీ పేరు రాయించలేదు, మణిదీపు పేరు రాయించాను. నీకిది చదివి వినిపిస్తున్నది వాడే. నాయనా, ఆపకు, ఇంకొంచెమే ఉంది. వాపు బూట్లదే కావచ్చు, పుండు మాత్రం నేను చేసిందే. మీ అమ్మ నన్ను కాయడానికి నీకు అబద్ధం చెప్పింది. అమ్మని ఏమీ అనకు, డాక్టరుకి చూపించు. ఆదివారం నేనే వస్తాను. నిన్ను నడివీధిలో అన్నాను గనక నువ్వూ అక్కడే అడుగు. నోరెత్తను.

ఇట్లు,
నీ అక్క, వాడి పెద్దమ్మ