బడి గంట కొట్టిన యాళ్లకు కుజుడు ఎక్కడున్నడు

కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి నివాసిని, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే బోయిని సాయిలత అనే నేను, వయసు 44, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తోనే రాస్తున్న వీలునామా ఇది. తెలివి సరిగ్గనే ఉన్నదా అని నాకే అప్పుడప్పుడు అనుమానం. కండ్ల ముందరున్నదాన్ని ఇరవై ఏండ్లు చూడనిదాన్ని. వచ్చే వారం హైదరాబాద్‌లో ఆపరేషన్. ఏం కాదంటున్నరు డాక్టర్లు. అయినా రాస్తున్న.

1. ఎల్లారెడ్డిలోని నా ఇల్లు, మిద్దెతో సహా, నా తదనంతరం మా అన్న రాజేశం బిడ్డ వనజకు సర్వహక్కులతో చెందాలి. ఆమెకు పెండ్లయినా, కాకున్నా. ఇందులో అన్నకు ఎట్టి జోక్యమూ లేదు.

2. టెలిస్కోప్ నా స్నేహితురాలు, మా కాలేజీ ఉర్దూ లెక్చరర్ హుస్నాకు. 2003 ఆగస్టులో అంగారకుడు అరవై వేల ఏండ్లల్ల రానంత దగ్గరికొస్తే దీన్ని మిద్దె మీద పెట్టిన. వాడకట్టంతా వరుస కట్టింది. పక్కింటి నర్సవ్వ ఎర్ర చుక్క అన్నది, హుస్నా మిర్రీఖ్ అన్నది, జాతకాలు రాసే అయ్యగారు కుజుడన్నడు. అద్దాలు లేని కాలం నుంచి మనుషులు దాన్ని చూస్తనే ఉన్నరు, పేర్లు పెడుతనే ఉన్నరు, భయపడుతనే ఉన్నరు. అన్న గూడ చూసిండు. "గీ బఠానీ గింజకేనా చెల్లే, గంత భయం?" అని నవ్విండు. ఆ వారమే, నన్ను చేసుకుంటనన్న అరుణ్‌కుమార్ ఇంటోళ్లు నా జాతకం వాపస్ పంపిండ్రు, ఏడో ఇంట్ల కుజుడని. హుస్నా, అద్దం బట్టతో తుడువకు. ఊదితే చాలు.

3. అరుణ్‌కుమార్‌కు ఏమీ లేదు. మిద్దె మీద నాతోపాటు జాతకాల మీద నవ్విండు, ఇంట్ల నోరు తెరువలేదు.

4. నా జాతకం మా అన్నకు. కారణం రాయాలె. ఈ జనవరిల అంగారకుడు మళ్ల దగ్గరికొచ్చిన రోజుల్లనే కామారెడ్డి నుంచి ఫోన్ చేసిండు. "వనజకు కుజదోషమంటున్నరే. పుట్టిన టైం జర అటుఇటు చేసి లెక్కగట్టియ్యి. ఎవలు చూస్తరు? గప్పుడు గూడ ఎవలు చూసిండ్రు?" గప్పుడంటే ఎప్పుడన్నా, అని అడిగిన. ఫోన్ పెట్టేసిండు.

అబద్ధమని తీసిపారేసిన శాస్త్రం కాబట్టి నా జాతకం నేను ఒక్కసారి గూడ సరిచూడలేదు. చదువుకున్న పొగరు. ఆ సాయంత్రం చూసిన. 1980 ఫిబ్రవరి 25, ఉదయం 6.40. పెండ్లి మాటలప్పుడు జాతకం రాయమని అయ్యగారికి అన్న చెప్పిన టైం. ఆ యాళ్లకు కుజుడు పడమట దిగుతున్నడు: ఏడో ఇల్లు. కానీ నా చిన్నప్పటి నుంచి అన్న చెప్పే ముచ్చట వేరే: "నువ్వు పుట్టేసరికి పది గంటల బడి గంట కొట్టిండ్రు. ఎంత ఉరికినా సారు చేతులు వాయగొట్టిండు." పది గంటలకు లెక్కగడితే కుజుడు ఐదో ఇంట్ల. దోషం లేదు.

మర్చిపోయిండు అనుకుందామని చానా చూసిన. దెబ్బలు మర్చిపోని మనిషి గంట మర్చిపోతడా? ఆ సంబంధం నాటికి మమ్మల్ని కన్న అవ్వ మాట పడిపోయి మంచంల ఉంది. అన్నకు ఇంకా పెండ్లి గాలేదు, దుబాయి వీసా వచ్చింది. నేను పెండ్లి చేసుకొని పోతే అవ్వను చూసేటోళ్లు లేరు. ఉండు చెల్లే, అని అడిగితే ఉండేదాన్నేమో. ఏమో, పోయేదాన్నో. ఆ జవాబు నన్ను చెప్పనియ్యలేదు.

వనజ టైం నేను మార్చి రాయలేదు.

5. అవ్వ బీడీలు చుట్టిన చాట అన్న ఎన్నోసార్లు అడిగిండు. దాన్ని ఈ వీలునామా అమలు చేసే హుస్నా తన దగ్గర ఉంచుకోవాలి. అన్న వనజను ఎదురుగా కూచోబెట్టుకొని, నేను పుట్టిన నాడు బడిల దెబ్బలు తిన్న ముచ్చట తన నోటితోనే చెప్పాలె. గంట ఎన్నింటికి కొట్టిండ్రో గూడ చెప్పాలె. అప్పుడే చాట ఇయ్యాలి. మిగతా లెక్క వనజ కట్టుకుంటది.

ఎల్లారెడ్డి, 2025 జనవరి 29

(సంతకం) బోయిని సాయిలత

సాక్షులు:
1. హనుమాండ్లు, కిరాణా దుకాణం, ఎల్లారెడ్డి
2. బాలరాజు, రిటైర్డ్ టీచర్, నాగిరెడ్డిపేట