లోపల బీట ఉన్న నంది

గురువారం, నంద్యాల

ఆళ్లగడ్డ వెళ్లి శిల్పి సుబ్బాచారి అన్నకు నిజం చెప్పేశాను. ఆయన వెబ్‌సైటుకు పునాదిగా నేను వాడిన ఫ్రేమ్‌వర్కును తయారుచేసినవాళ్లే వదిలేశారు. కంతలు పూడ్చే దిక్కు లేదు, ఏ దొంగైనా దూరొచ్చు. తిట్లకు సిద్ధపడి, పైపైన అతుకు వేస్తానన్నాను.

ఆయన నవ్వి, మూలనున్న నందిని సుత్తితో తట్టాడు. బొంగురుగా మోగింది.

"అంతా చెక్కినాక లోపల బీట తెలిసింది. అతికిచ్చి అమ్ముతామా అప్పా? నీ సైటూ అంతే. పారేసి కొత్తది చెయ్. నిజం చెప్పినోన్ని ఇడిసి యాడికి పోతా?"

బస్సులో ఈల వేసుకుంటూ వచ్చాను.

అదే ఫ్రేమ్‌వర్కుతో నంద్యాల అంగళ్లకు చేసిన సైట్లు ఇంకా నాలుగున్నాయి. రేపు వాళ్లకూ చెప్పాలి. వాళ్లెవరూ శిల్పులు కారే!