ఉల్లంకికి కాపలా, ఆల్చిప్పకు ఎండ

చెరువు పక్షుల ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఉల్లంకి పిట్టల కోసమై చెరువు నీరు తీసివేయగా ఆల్చిప్పలు చచ్చుట, వాటిని మోసిన రంజాన్ బీ మీద కేసు గురించి.

గుమ్మఘట్ట దాపున ఉప్పరవంక చెరువుకు తూము ఎత్తి దించే నీరుగంటి కుళ్ళాయప్ప అను నేను మనవి చేయునదేమనగా,

1. చలికాలము మా చెరువుకు ఇరవై దాకా పొడుగు ముక్కు ఉల్లంకులు వచ్చెడివి. ఈసారి రెండే వచ్చినవి. వాటికి ముప్పు ఉండాదని తమరు బోర్డు నాటించి, వాచరును పెట్టినారు. సంతోషము. మా ఊరికి నర్సును పెట్టమని ఆరేండ్లుగా అడుగుతాండాము. మాకు ముక్కు పొట్టి కాబోలు.

2. పిట్టలు బురదలో ఏరుకు తినుటకు తూము ఎత్తమని తమ ఉత్తర్వు. "సార్, ఒడ్డు బురదలో ఆల్చిప్పలు ఉండాయి. చుట్టూ చెరువులన్నీ ఎండి, అవి మిగిలింది ఈడొక్కచోటే. నీళ్లు పోతే చస్తాయి" అని చెప్పినాను. "ఆల్చిప్ప ముప్పున్నవాటి జాబితాలో ఉందా?" అని తమరు అడిగినారు. "చెరువులో ఉండాది సార్" అన్నాను. అది చాలదన్నారు. తూము నేనే ఎత్తినాను. పాపము నాది, ఉత్తర్వు నంబరు తమది.

3. నాలుగో దినానికి అవి నోళ్లు తెరిచినవి. ఆల్చిప్ప అట్లా నోరు తెరిచేది చచ్చినాకనే. అర్జీ పెట్టుకొనుటకు అప్పటికి ఆలస్యము. గట్టున గొర్రెలు మేపుకొను రంజాన్ బీ, నేను కలిసి, బతికినవాటిని బక్కెట్లతో తూము కాడి గుంటకు మోసినాము. "పిట్టకు ఈడ బాగలేకుంటే ఇంకో చెరువుకు పోతాది కుళ్ళాయన్నా. ఇది యాడికి పోతాది?" అని ఆమె మోకాటిలోతు బురదలో నిలబడి అడిగినది.

4. అంతలో తమ జీపు వచ్చినది. దాని హారనుకు రెండు పిట్టలూ లేచిపోయినవి. బెదరగొట్టినదని కేసు మాత్రము రంజాన్ బీ మీద రాసినారు.

కావున కేసు కొట్టివేసి, తూము దించుటకు ఉత్తర్వు దయచేయవలెను. పిట్ట మీద నాకు పగ లేదు. దానికైనా వచ్చే ఏడు ఈ బురదలో ఏదో ఒకటి బతికుండవలెను కదా. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కుళ్ళాయప్ప, నీరుగంటి

తా.క.: ఇది రాస్తాండగా రంజాన్ బీ వచ్చి, గుంటలో నీళ్లు కూడా తగ్గిపోతాండాయని చెప్పినది. "ఉత్తర్వు వచ్చేసరికి మన చేతికి చిప్పలే అన్నా" అన్నది. పోయి తూము దించేసినాను. నా పని తీసేస్తారని తెలుసు. మళ్లీ ఎత్తవలెనంటే తమరే దిగి ఎత్తుకోండి సార్. ఆడ నడుములోతు బురద ఉండాది.