నెత్తి లైట్లు

ఏమండీ,

చేరాను, ఒంట్లో బాగానే ఉంది, తిండికి లోటు లేదు. మీరు అడగబోయేవి ఇవే కాబట్టి ముందే చెప్పేశాను. ఇక నా సోది మొదలుపెడతాను.

ఈ ఆసుపత్రిలో వరదనీళ్ళు కింది అంతస్తు కప్పుదాకా వచ్చి పోయాయట. ఇప్పుడు నీళ్ళు లేవు, అంతా బురదే. తీగలన్నీ తడిసిపోయాయని కరెంటు తీసేశారు. మళ్ళీ ఎప్పుడిస్తారంటే ఎవరికి వాళ్ళు ఆకాశం వంక చూస్తున్నారు. అద్దాలు పగిలిన కిటికీలకి చెక్కలు కొట్టేశారు కనక మిట్టమధ్యాహ్నం కూడా లోపల కన్ను పొడుచుకున్నా కనపడదు. ఆ చీకట్లోంచి మంచాలూ బీరువాలూ మందుల అరలూ బయటికి మోసుకొచ్చి, కడిగి ఆరబెట్టడం మా వాలంటీర్ల పని. ఫోన్లు చార్జింగ్ పెట్టుకునే దిక్కు లేదు. సరుకుల లారీ డ్రైవరు ఉత్తరాలు పట్టుకెళ్ళి పోస్టు చేస్తానన్నాడు. నాకైతే ఇదే నయం. ఫోన్ ఉన్నా మీరేమంటున్నారో నాకు వినపడి చస్తే కదా.

మా అందరి మీదా పెత్తనం రిటైరైన ఒక హెడ్ నర్సుది. అందరూ నర్సమ్మ అంటారు. నవ్వదు, ఊరికే కూర్చోదు, ఇంకొకళ్ళని కూర్చోనివ్వదు. మొన్నటిదాకా కొవ్వొత్తులతో నెట్టుకొచ్చారు. ఒకావిడ జుట్టు కాస్త కాలేసరికి, ఇక లైట్లు కొనాల్సిందేనని ఆ పని నాకు అప్పగించింది. దర్జీదానివి, వెలుగు సంగతి నీకు తెలుస్తుంది, పైగా బేరమాడే మొహం నీది అంది. ఉన్నది చందాల డబ్బు, ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఖర్చు చెయ్యమని కూడా చెప్పింది.

బజారుకెళ్ళాను. చేతి టార్చి వద్దనుకున్నాను, ఒక చెయ్యి దానికే పోతుంది. సౌర లాంతరు నాకు తెగ నచ్చింది. బల్లమీద పెడితే నాలుగువైపులా మెత్తని వెలుగు పడుతుంది. కానీ ధర ఎక్కువ, పైగా రోజంతా ఎండ కావాలి, ఇక్కడేమో మబ్బు వదలడం లేదు. మూడోది తలకి కట్టుకునే లైటు. చవక, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, ఏ కొట్లోనైనా దొరికే సన్న బ్యాటరీలతో వెలుగుతుంది. పట్టీ లాగి చూశాను. ఎలాస్టిక్ గట్టిదే, కుట్టు మాత్రం నాసిరకం. అది నేను కుట్టుకోగలను. కొట్టాయన లైటు తలకి కట్టుకుని, దీపం వేసి, ఏదో చెబుతూ నావైపు తిరిగాడు. ఆయన మొహం మాయమైపోయింది. మొహం ఉండాల్సిన చోట తెల్లటి వెలుగు తప్ప ఏమీ లేదు. ఆయన మాట్లాడుతూనే ఉన్నట్టున్నాడు. ఆలోచించుకుని వస్తానని బయటపడ్డాను.

నేను వినేది ఎదుటివాళ్ళ పెదాలు చూసి కదా. ఆ సంగతి ఇక్కడెవరికీ చెప్పలేదు. చెవి మిషన్ పెట్టుకుంటే ఖాళీ గోడల మధ్య అంతా ఒకటే హోరు, అందుకని తీసి డబ్బాలో దాచాను. తెలిస్తే నర్సమ్మ నన్ను మర్నాడే లారీ ఎక్కిస్తుంది. నడుంనొప్పి దాచిపెట్టి పనిచేస్తున్న ఒకాయన్ని అలాగే ఎక్కించింది. లాంతర్లు కొంటే నాకు బాగుంటుంది, కానీ సగం మందికి కూడా రావు. ఈ లైట్లు కొంటే నాకు తప్ప అందరికీ బాగుంటుంది. ఏం చెయ్యమంటారని మిమ్మల్ని అడగాలనుంది. అడిగితే నీ ఇష్టం అంటారు. ఈమధ్య మీరు అన్నిటికీ అదే అంటున్నారు.

మీ ఇంటావిడ

*

ఏమండీ,

మీ కార్డు అందింది. ఇంట్లో అంతా మామూలే, అమ్మాయికి పరీక్షలు, జాగ్రత్త అని రాశారు. ఆ మూడు ముక్కలకి కార్డు కూడా పెద్దదైనట్టుంది, సగం ఖాళీగా ఉంది.

నెత్తి లైట్లే కొన్నాను. ఆ పేరు ఇక్కడివాళ్ళు పెట్టిందే. పట్టీలన్నీ విప్పి రెండో కుట్టు వేసి ఇచ్చాను. అందరూ మెచ్చుకున్నారు. పని కూడా రెట్టింపు వేగంగా సాగుతోంది. కొనడంలో నేను తప్పు చెయ్యలేదు, అది మాత్రం మీరు ఒప్పుకోవాలి.

కానీ ఆ రోజునుంచీ నాకు ఇక్కడ మనుషుల్లేరు. నాతో మాట్లాడదామని ఎవరైనా నావైపు తిరిగితే కళ్ళు మూసుకోవాల్సి వస్తుంది. కొందరు పాపం మంచివాళ్ళు, నా కంట్లో వెలుగు పడకూడదని తల పక్కకి తిప్పి మాట్లాడతారు. అదింకా ఘోరం, అప్పుడు నాకు కనపడేది వాళ్ళ చెవి. నేను అన్నిటికీ తల ఊపుతున్నాను. ఒకసారి ఊపాక ఎదుటామె అక్కడే నిలబడిపోయింది. ఏదో ప్రశ్న అడిగిందన్నమాట. జవాబు రాకపోయేసరికి వెళ్ళిపోయింది. ఆ తరవాత నన్ను పిలవడం మానేశారు. ఈ దర్జీ ఆవిడకి పొగరని అనుకుంటున్నారు. అనుకోనీ, పొగరుబోతుని ఇంటికి పంపెయ్యరు కదా.

మధ్యాహ్నం అందరూ మెట్లమీద కూర్చుని భోంచేస్తారు. అక్కడ లైట్లు ఉండవు కనక మొహాలు కనపడతాయి, కానీ అప్పటికే పొద్దుట్నుంచీ నడుస్తున్న కబుర్లు సగంలో ఉంటాయి. వాళ్ళు దేనికి నవ్వుతున్నారో తెలియాలంటే లోపల జరిగింది తెలియాలి. నేను పళ్ళెం పట్టుకుని పంపు పక్కకి పోయి కూర్చుంటున్నాను. ఇంతమందిలో ఇంత ఒంటరిగా ఉండటం నాకు కొత్త కాదు. ఇదే మీకు చెప్పాలని ఈ ఉత్తరం మొదలుపెట్టాను, ఎక్కడెక్కడో తిరిగి ఇప్పటికి వచ్చాను.

నేను సేవ చెయ్యడానికి రాలేదండీ. మన ఇంట్లోంచి బయటపడటానికి వచ్చాను. పెళ్ళయినప్పటినుంచీ మనం పోట్లాడుకోని రోజు లేదు. గోడకి రంగు వెయ్యడం మీద, మీ అక్క మాటమీద, నేను తలుపు గడియ పెట్టడం మరిచిపోయినదాని మీద. పక్కింటివాళ్ళు మనల్ని చూసి నవ్వుకునేవాళ్ళు. నా చెవులు తగ్గుతున్నకొద్దీ మీరు మంచివారైపోయారు. ఏం చేసినా సరే అంటారు. కూర మాడ్చినా బాగుందని తినేస్తారు. మీరూ అమ్మాయీ ఏదో అనుకుని నవ్వుకుంటారు, ఏమిటని అడిగితే ఏం లేదులే అని నా భుజం తడతారు. ఆ తట్టడం నాకు ఎంత కష్టంగా ఉంటుందో మీకు తెలియదు. ముసలి పిల్లిని తట్టినట్టు తడతారు. మీరు నాతో పోట్లాడి రెండేళ్ళయింది. మొగుడు కోప్పడటం లేదని ఏడ్చే ఆడదాన్ని నన్నే చూసి ఉంటారు.

ఇక్కడ ఎవరికీ నా సంగతి తెలియదు కనక ఎవరూ నన్ను తట్టరు. అందుకే ఈ పొగరుబోతు పేరు మోస్తున్నాను.

మీ ఇంటావిడ

*

ఏమండీ,

నా ముందు ఉత్తరానికి మీరు జవాబు రాయలేదు. రాసేలోపు ఇక్కడ చాలా జరిగిపోయింది.

మా జట్టులో ఒక వడ్రంగి ఉన్నాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, నోరు ఒక్క నిమిషం మూతపడదు. నిన్న అతనూ నేనూ ఒక ఇనప బీరువా చెరోవైపు పట్టుకున్నాం. గుమ్మం దగ్గర దించాలి. ఇద్దరం ఒకేసారి దించాలి కదా. అతను నావైపే తిరిగి, ఒకటి రెండు మూడు అన్నాడట. నాకు అతని నెత్తిమీది వెలుగే కనపడింది. అతను దించాడు, నేను పట్టుకునే ఉన్నాను. బీరువా అతనివైపు ఒరిగి, అతని వేలు దానికీ గడపకీ మధ్య నలిగిపోయింది. గోరు ఊడి వచ్చేసింది. అతను పర్లేదమ్మా అంటున్నట్టు చేత్తో చూపించాడు. మిగతావాళ్ళు మాత్రం నావైపు చూసిన చూపు బాగాలేదు. పొరపాటున పట్టు జారిందని చెబితే అక్కడితో సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

నర్సమ్మ బయట ఎండలో కట్టు కడుతుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. నాకు చెవులు వినపడవు, మీ పెదాలు చూసి అర్థం చేసుకుంటున్నాను, ఆ లైట్లు పెట్టుకుంటే మీ మొహాలు కనపడవు, అది కొట్లోనే చూశాను అని చెప్పేశాను. ఇక లారీ ఎక్కించడమే తరువాయి అనుకున్నాను. ఆవిడ కట్టు ముడివేసి, కత్తెర పక్కన పెట్టి, లేచి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆ సంగతి కొట్లోనే తెలిసింది కదా నీకు. తెలిసి అవే కొన్నావా? నీకేం కావాలో అడగవు, పైగా త్యాగం ఒకటి. ఇతని వేలు ఎవరిచ్చారు నీకు త్యాగం చెయ్యడానికి?"

అక్కడితో ఆగలేదు. నా తెలివి గురించి, నా పెంపకం గురించి, మొత్తం దర్జీల గురించి తిట్టింది. తల తిప్పలేదు, గొంతు తగ్గించలేదు, మధ్యలో పోనీలే అనలేదు. ఒక్క ముక్క పొల్లుపోకుండా అన్నీ నాకు అందాయి. ఏడుస్తూనే ఉన్నానుగానీ, ఎన్నాళ్ళకో కడుపునిండా భోంచేసినట్టుంది. ఇంటికి పొమ్మని మాత్రం అనలేదు. బరువులు మొయ్యడం మానేసి, మందుల సీసాలు ఏరే పనిలో కూర్చోమంది.

మధ్యాహ్నం వడ్రంగి కట్టు కట్టిన వేలితోనే నా బల్ల దగ్గరికి వచ్చాడు. లైటు నుదుటిమీంచి తీసి మెడలో వేసుకుని, దీపాన్ని పైకి తిప్పాడు. వెలుగు అతని గడ్డం కిందనుంచి మొహంమీద పడింది. చూడటానికి దయ్యంలా ఉన్నాడు, కానీ పెదాలు స్పష్టంగా కనపడుతున్నాయి. ఆ దయ్యం మొహంతో నాకొక జోకు చెప్పాడు. ఒక వడ్రంగి నాలుక్కాళ్ళ బల్ల చేసి ఒక కాలు పొట్టిదైతే మిగతావి కోస్తూ కోస్తూ చివరికి చాప చేశాడట. దిక్కుమాలిన జోకు. కానీ మొదట్నుంచీ చివరిదాకా నాకోసమే చెప్పాడు. సాయంత్రానికల్లా అందరూ నాతో మాట్లాడాలంటే లైటు మెడలోకి దించుకుంటున్నారు.

అందుకని చెబుతున్నాను. ఇక్కడ పని అయ్యాక ఈ జట్టు ఇంకో ఊరికి వెళుతుంది, అక్కడా కరెంటు లేదు. నర్సమ్మ నన్నూ రమ్మంది, సరేనన్నాను. ఇంటికి రావడం లేదు. ఎన్నాళ్ళని అడక్కండి, నాకే తెలియదు. మీ మీద కోపంతో కాదు. మీరు చెడ్డవారైతే బాగుండేది, తిట్టుకుంటూ ఉండిపోయేదాన్ని. మర్యాదగా చూసే మనుషుల మధ్య నేను ఉండలేకపోతున్నాను. అమ్మాయికి మీరే నచ్చజెప్పండి.

మీ ఇంటావిడ

*

ఏమోయ్,

నీ తరవాతి ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. చదివినప్పుడల్లా కోపం వచ్చింది. ముందు లైట్ల సంగతి తేల్చుకుందాం. అన్నీ ఒకే రకం కొనాలని నీకెవరు చెప్పారు? రెండు లాంతర్లు, మిగతావి నెత్తి లైట్లు కొని ఉంటే ఆ వడ్రంగి గోరు అతని దగ్గరే ఉండేది. మొదట్నుంచీ నీ పద్ధతి అంతే. అయితే అంతా, లేకపోతే ఏమీ వద్దు. కర్టెన్లు కొన్నప్పుడూ ఇలాగే చేశావు.

ఇక రెండోది. నువ్వు రాకపోవడం నాకు ఇష్టం లేదు. బాగా ఆలోచించే రాస్తున్నాను, ఇష్టం లేదు. సేవకి వెళుతున్నానంటే నమ్మి, నీ సంచి మోసుకొచ్చి బస్సు ఎక్కించినవాణ్ణి నేను. ఇల్లు వదిలిపోతున్నానని నా మొహం చూసి చెప్పాల్సింది పోయి, ఉత్తరం రాసి ఎవరో లారీ డ్రైవరు చేతిలో పెట్టి పంపుతావా? నీకు చెప్పకుండా నవ్వుకున్నామని మామీద నిష్ఠూరం. మరి నువ్వు చెప్పకుండా చేసినదాన్నేమంటారు?

పోట్లాట ఎందుకు మానేశానంటే విను. స్కూలు బస్సు నడుపుతూ రోజంతా పిల్లలమీద అరిచి ఇంటికొస్తాను. మెల్లగా మాట్లాడుకోవడానికి నాకున్నది నువ్వొక్కదానివే. నీకు వినపడటానికి గొంతు పెంచితే, నువ్వు చూసేది నా మొహం. అరిచే మొహం ఎప్పుడూ కోపంగానే ఉంటుంది. ఉప్పు సరిపోయిందని చెప్పినా నువ్వు ముడుచుకుపోయేదానివి. ఉప్పుకే అలా ముడుచుకుపోయేదానితో ఇక పోట్లాడటమెలా? ఇక జోకంటావా, మూడోసారి అరిచి చెప్పేసరికి అది చెప్పినందుకు నాకే సిగ్గేసేది. లైటు మెడలో వేసుకోవాలన్న తెలివి నాకు లేకపోయింది, ఆ వడ్రంగికి ఉంది. అతనంటే కూడా నాకు కోపంగానే ఉంది.

నా మాట అందే మనిషి నాకూ పోయింది. అందులో నీ తప్పు లేదు, నా తప్పూ లేదు. అయినా కోపం నీ మీదే వచ్చేది. చెవులు పోయినదాని మీద కోపమేమిటని నన్ను నేనే తిట్టుకుని భుజం తట్టేవాణ్ణి. అది మర్యాద కాదు, చేతకానితనం. అమ్మాయి నీ ఉత్తరాలు చదివి ఏడ్చింది, తరవాత నన్ను తిట్టింది, ఆ తరవాత నిన్నూ తిట్టింది. నీకు చెప్పమంది కనక చెబుతున్నాను.

ఆదివారం పొద్దుటి బస్సులో వస్తున్నాను. నిన్ను తీసుకురావడానికి కాదు, ఆ ఇంకో ఊరికి వెళతావో ఇంటికొస్తావో అక్కడ కూర్చుని తేల్చుకుందాం. ఇంకా రాయాల్సింది బోలెడుంది. కానీ రాసేకొద్దీ కోపం తగ్గిపోతోంది, అందుకని ఇక్కడితో ఆపేస్తున్నాను. మిగతాది వచ్చి నీ ఎదురుగా కూర్చుని తిడతాను.

మీ ఆయన