కాఫీ గ్రైండర్‌లో మిరియాలు

ఒరేయ్ తమ్ముడూ,

డ్యూటీకి టైమైపోయింది. నా జలుబుకి మిరియాలు పొడి చేశావు, సంతోషం. కాఫీ గ్రైండర్ తప్ప ఇంకేం దొరకలేదా? ఇందాక కాఫీ తాగితే గొంతు మండిపోయింది. ముందు గుప్పెడు బియ్యం వేసి తిప్పి పారెయ్, ఘాటు పోతుంది. తర్వాత ప్లగ్గు పీకి పొడిగుడ్డతో తుడువు. కుళాయి కింద పెట్టావంటే మోటారు గోవిందా.

నైట్ డ్యూటీ చేసొచ్చి నేను పడుకుంటే, గ్రైండర్‌ని నా తువ్వాల్లో చుట్టి బాత్రూంలో తిప్పుతున్నావు. తువ్వాలంతా కాఫీ పొడే. ఇకమీదట వంటింట్లోనే తిప్పు.

అక్క

అన్నట్టు, ఆ గ్రైండర్ చప్పుడుకి నేనేం లేవను. ఆస్పత్రి వార్డులో ఏ చప్పుడైనా లేచి పరిగెత్తాల్సింది నేనే. ఇంట్లో అది వినపడితే, నా బదులు ఇంకొకరు లేచి ఉన్నారులే అని నిద్ర పడుతుంది.