రెండు అంగళ్లకు ఒకే కంప్యూటర్

బెంగళూరు

అన్నకు, నీ చెల్లెలు సరోజ నమస్కారాలు. నేను బాగున్నాను. నువ్వూ వదినా బాగున్నారని అనుకుంటాను. నాయన మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్‌లో చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడ వారం రోజులుగా జల్లు. హాస్టల్ సాంబారులో బెల్లం వేస్తారు, రెండేళ్లయినా నా నోటికి పట్టలేదు. బాగానే ఉన్నానులే, దిగులు పడొద్దు.

మొదట్లో నేనే గార్లదిన్నెకు వచ్చి మా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను సీడీతో నీ కంప్యూటర్‌లో ఎక్కించాను కదా. నీ బోరు మోటార్ల అంగడి వివరాలు నీ అంగడిలోనే ఉండేవి. పోయిన ఏడాది మా మేనేజరు పద్ధతి మార్చాడు. ఒకే ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు, అన్ని అంగళ్ల వివరాలూ మా ఆఫీసు కంప్యూటర్‌లోనే పెట్టి, ఎవరి పాస్‌వర్డ్‌తో వారిని ఇంటర్నెట్‌లో చూసుకోమన్నాడు. "నీ కంప్యూటర్ చెడిపోయినా వివరాలు యాడికీ పోవన్నా" అని నిన్ను ఒప్పించింది నేనే.

నిన్ను చేర్చిన నెలకు తెలిసింది, ఆ వాటాల మధ్య ఒకచోట గోడే లేదని. రైతుల జాబితా చూపే పేజీ, అడిగింది ఏ అంగడో చూసుకోకుండా అందరివీ చూపిస్తోంది. రెండుసార్లు చెప్పాను. "ముందు ఇంకొన్ని అంగళ్లను చేర్చు, తర్వాత చూద్దాం" అన్నాడు మేనేజరు. ఉద్యోగం పోతుందని భయపడి మూడోసారి చెప్పలేదు. నీకూ చెప్పలేదు.

అనంతపురంలో నీకు పోటీగా ఉన్న అంగడి కూడా మా దగ్గరే చేరింది. ఏ రైతు మోటారు ఎప్పటిది, ఎవరిది రెండుసార్లు కాలింది, నువ్వేం ధర చెప్పావు, అన్నీ వాళ్లు చూశారు. వాళ్ల మనుషులు నేరుగా నీ రైతుల చేలల్లోకి వచ్చి బేరాలు లాక్కుపోయింది అందుకే. ఎవరు ఏ పేజీ తెరిచారో మా కంప్యూటర్‌లో నమోదై ఉంటుంది. నిన్న నా కళ్లతో చూశాను.

నువ్వేమో నాగప్పను అనుమానించావు. పన్నెండేళ్లు నీ అంగడిలో మోటార్లకు తీగ చుట్టిన మనిషిని. "ఏమప్పా, నా అన్నం తిని ఆడ చెప్తాండావా?" అని నలుగురిలో అడిగావని వదిన చెప్పింది. "నేను యాడా చెప్పలేదప్పా" అని ఒక్క మాట అని, స్పానర్లు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడట.

నిన్న ఆ నమోదు చూపిస్తే మేనేజరు, "మీ అన్నే పాస్‌వర్డ్ ఎవరికో ఇచ్చాడని కాగితం రాసివ్వు" అన్నాడు. రాయనన్నాను. రేపటి నుంచి రావద్దన్నాడు. వేరే పని వెతుక్కుంటాను, నా గురించి ఆలోచించకు.

నన్ను తిట్టు, పడతాను. కానీ నీ మీదా నాకు కోపముంది. నేను చేర్చిన కంప్యూటర్‌లో అన్నీ ఉన్నాయని తెలిసీ నన్నొక్క మాట అడగలేదు. ఎదురు మాట్లాడలేని మనిషిని పట్టుకున్నావు.

ఈ ఉత్తరం నాగప్పకు చదివి వినిపించు. పిలిపించి కాదు, నువ్వే వాళ్లింటికి పోయి. నలుగురిలో అన్నావు కాబట్టి నలుగురు ఉన్నప్పుడే చదువు.

నాయనకు దండాలు. వదినను, పెద్దమ్మను అడిగానని చెప్పు. నీ ఆశీర్వాదం మాత్రం ఇప్పుడు అడగను. నాగప్ప గడప తొక్కి వచ్చాక, ఇవ్వాలనిపిస్తే ఇవ్వు.

నీ చెల్లెలు
సరోజ