వేళ్లు ఎత్తే రోజు

డిసెంబరు 2, సోమవారం

ఈరోజు నుంచి ఆఫీసులో పదవుల్లేవట, అందరికీ ఇంగ్లిష్ పేర్లేనట. మ్యోంగ్ డైరెక్టరుగారిని డేనియల్ అనాలి. నేను జూలీ. అమ్మ పెట్టిన తక్ ఉన్‌గ్యో అనే పేరు ఇక గేటు దగ్గర చూపించే కార్డు మీదే. పెద్దా చిన్నా లేదట, ఎవరైనా ఏదైనా మొహం మీదే చెప్పెయ్యొచ్చట. లిఫ్ట్ రాగానే అందరూ పక్కకి జరిగి డేనియల్‌గారినే ముందు ఎక్కించారు. నేనూ జరిగాను.

డిసెంబరు 4

తొమ్మిది టీములు, ఒకటే షాపింగ్ యాప్. జనవరి చివర్లో వచ్చే చాంద్రమాన కొత్త సంవత్సరంలోపు జనంలోకి వదలాలి. గోడంత బోర్డు మీద ఒక్కో టీమ్‌కి ఒక్కో చీటీ. ఒకరి పని అయితేగాని ఇంకొకరిది కాదనుకుంటే మధ్యలో ఎర్ర దారం. చెల్లింపుల టీమ్ చీటీ నుంచి దారం నేరుగా నేను నడిపే లాగిన్ టీమ్ చీటీకే వచ్చింది, మాది అయితేగాని వాళ్లది కాదని. కట్టింది చెల్లింపుల టీమ్ లీడరు లియో. అసలు పేరు ప్యో సాంగుక్. ముడి వేసి, దాని మీద ఇంకో ముడి వేశాడు. ఒకటి సరిపోదా?

డిసెంబరు 9

లియో నాకు చేప రొట్టెలు తెచ్చాడు, చేప ఆకారం అచ్చులో కాల్చినవి. వేడివేడిగా, లోపల ఎర్రచిక్కుళ్ల తీపి ముద్ద. ఇన్నేళ్లలో గుక్కెడు మంచినీళ్లు ఇచ్చిన పాపాన పోలేదు. ఏం జూలీగారూ, లాగిన్ ఎందాకా వచ్చింది అన్నాడు. అయిపోవచ్చింది అన్నాను. అబద్ధం. సగం కూడా కాలేదు. మీరు తల ముందు తింటారా తోక ముందా అని నవ్వుతూ అడిగాడు. ఒళ్లు మండింది. ఇతనికేదో తెలుసు.

డిసెంబరు 10

రొట్టె తినలేదు. డ్రాయర్లో గట్టిపడిపోయింది.

డిసెంబరు 13

డేనియల్‌గారు చల్లగా చెప్పారు. ఏ టీమ్ వల్ల తేదీ వెనక్కి జరిగితే ఆ టీమ్‌ని విడగొట్టి మనుషుల్ని మిగతావాళ్లకి పంచుతారట. శిక్ష కాదట, సర్దుబాటట! నా వాళ్లని ఒక్కొక్కరినీ బతిమాలి తెచ్చుకున్నాను. చచ్చినా వదులుకోను.

బుధవారం వేళ్లు ఎత్తాలి. తేదీకి అందుకుంటామని పూర్తి నమ్మకముంటే ఐదు, బొత్తిగా లేకపోతే ఒకటి. లీడర్లంతా ఒకేసారి ఎత్తాలని రూలు. ఎత్తుతారు గానీ, అందరి కళ్లూ ముందు డేనియల్‌గారి చేతి మీదకే పోతాయి. ఆయన ఎప్పుడూ ఐదే.

డిసెంబరు 17, సాయంత్రం

లియో మెట్ల దగ్గర పట్టుకున్నాడు. జూలీ లేదు, గీలీ లేదు, అక్కా అన్నాడు. అక్కా, మీదీ కాలేదు, నాదీ కాలేదు, దాచుకుని ఏం లాభం అన్నాడు. రేపు ఇద్దరం రెండేసి వేళ్లు చూపిద్దాం, ఇద్దరినీ విడగొడితే యాప్ ఎవరు చేస్తారు, చచ్చినట్టు తేదీయే జరుపుతారు అన్నాడు.

సరే అన్నాను.

ఎంత గడుసువాడు! నా చేత రెండు ఎత్తించి తను ఐదు ఎత్తుతాడు. తప్పంతా నా చీటీ దగ్గర ఆగుతుంది. అందుకే రెండు ముడులు. అక్కట, అక్క!

డిసెంబరు 18

ఐదు ఎత్తాను.

లియో రెండే ఎత్తాడు. అతను డేనియల్‌గారి వైపు చూడలేదు, నా చేతి వైపే చూశాడు. ఎందుకింత తక్కువ అని డేనియల్‌గారు అడిగారు. మా పనే వెనకబడింది అన్నాడు. నా పేరు ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదు? ఇందులో ఏదో ఉంది.

డిసెంబరు 23

తేదీ మార్చికి జరిగింది. మాకూ ఊపిరాడింది. చెల్లింపుల టీమ్ లేదు. మనుషుల్ని తలో దిక్కూ పంపారు, పని మాత్రం మాకు అంటగట్టారు. దాంతోపాటు లియోని కూడా. నా ఎదురు కుర్చీ. జూలీగారూ, నన్నేం చెయ్యమంటారు అన్నాడు.

అక్కా అనలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫిబ్రవరి 10

మార్చికీ అందేలా లేదు. ఇప్పుడు మా చీటీ నుంచి దారం డెలివరీ టీమ్‌కి పోతోంది. ఎల్లుండి మళ్లీ వేళ్లు ఎత్తాలి.

స్టేషన్ దగ్గర చేప రొట్టెలు కొన్నాను. డెలివరీ టీమ్ లీడరు హెలెన్‌కి ఇచ్చి, పని ఎందాకా వచ్చింది అన్నాను. అయిపోవచ్చింది అంది.

రొట్టె తీసి డ్రాయర్లో పెట్టింది.